మాటకై పుట్టి పాటకు వచ్చిన హెడ్‌ఫోను

దుకాణమున తీగ లేని హెడ్‌ఫోను కొనబోవు విద్యార్థికి మొదట కనుపించునది అట్టపెట్టె, దానిపై కొన్ని అంకెలు. బ్లూటూత్ 5.3, డ్రైవరు 12 మిల్లీమీటర్లు, 20 నుండి 20,000 హెర్ట్జ్, బ్యాటరీ 40 గంటలు. పాట ఎట్లు వినబడునో తెలియజెప్పు అంకె వీనిలో దాదాపు ఒక్కటియు లేదు. అది ఏల? సమాధానము ఆ వస్తువు చరిత్రలోనే కలదు. చెవికి తగిలించుకొను ఈ యంత్రము నూట నలువది ఏండ్లకు పైబడిన తన జీవితములో మూడు పర్యాయములు పుట్టినదని చెప్పవచ్చును. టెలిఫోనుతో ఒకసారి, నిస్తంత్రి రేడియోతో ఒకసారి, బ్లూటూత్‌తో మరియొకసారి. మూడు పర్యాయములును అది మనుష్యుని మాటకొరకో, వార్తాసంకేతములకొరకో పుట్టినదే. సంగీతము ప్రతిసారియు వెనుక వచ్చిన అతిథి. ఆ అతిథికొరకు ఇంటిని ఎట్లు సవరించిరో తెలిసినచో, పెట్టెపైనున్న ఏ అంకెను లెక్కింపవలెనో, దేనిని విడిచిపెట్టవచ్చునో కొంతవరకు బోధపడును.

తీగపై వచ్చిన నాటకము

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందెను. చెవియొద్ద పట్టుకొను భాగమును రిసీవరు అందురు. దాని నిర్మాణము మిక్కిలి సులభము. ఒక అయస్కాంతము, దానిపై సన్నని రాగితీగ చుట్ట, ఎదుట పలుచని ఇనుపబిళ్ళ. మాటవలన పుట్టిన విద్యుత్ప్రవాహము ఎక్కువ తక్కువలగుచు చుట్టలో ప్రవహించునప్పుడు అయస్కాంతపు బలము కూడ ఎక్కువ తక్కువలగును, బిళ్ళ ముందునకు వెనుకకు కదలును, గాలి కదలును, మాట వినబడును.

ఇందొక చిక్కు కలదు. కంచుగిన్నెను గరిటెతో తట్టినచో దాని స్వరమొక్కటే మ్రోగునట్లు, ఇనుపబిళ్ళకు కూడ తనదియైన కంపనసంఖ్య ఉండును. ఆనాటి రిసీవర్లలో అది సెకనుకు ఇంచుమించు వేయి కంపనముల ప్రాంతమున ఉండెడిది. ఆ ప్రాంతపు ధ్వనులను బిళ్ళ ఉత్సాహముతో పలుకును. దానికి చాల దిగువనున్న మంద్రమును, చాల ఎగువనున్న తాళపు గలగలను పట్టించుకొనదు. మాట తెలియుటకు కావలసిన ధ్వనులు చాలవరకు ఆ నడిమి ప్రాంతముననే ఉన్నవి గనుక టెలిఫోనునకు ఇది లోపము కాలేదు. తరువాతి కాలమున టెలిఫోను సంస్థలు 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకు చాలునని ఒక హద్దు కూడ ఏర్పరచుకొనెను. ఈ హద్దును పాఠకులు గుర్తుంచుకొందురు గాక; నూరేండ్లు గడచిన పిమ్మట అది మరల ఎదురుకానున్నది.

ఐనను మనుష్యుడు సంగీతమును ఎంతకాలము బయట నిలువబెట్టగలడు? బెల్ పేటెంటునకు ఐదేండ్లు నిండిన కొలది నెలలకే, 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనములో క్లెమాఁ అదేర్ అను ఫ్రెంచి ఇంజనీరు ఒక వింత చూపెను. పారిస్ ఒపేరా రంగస్థలము ముందుభాగమున వరుసగా మాటగ్రాహక యంత్రములను అమర్చి, వాని తీగలను ఊరి మురుగుకాలువల సొరంగముల గుండ ప్రదర్శనశాలకు కొనివచ్చెను. అచటి శ్రోత రెండు రిసీవర్లను చేతబట్టి, ఒక్కొక్క చెవికి ఒక్కొక్కటి ఆనించుకొనును. ఎడమచెవికి రంగస్థలపు ఎడమ భాగమునుండి, కుడిచెవికి కుడి భాగమునుండి వేరువేరు తీగలు. గాయకుడు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నడచినచో, ఆ నడక కంటికి కనబడకయే చెవికి తెలిసెను. నేడు స్టీరియో అను పేరుతో పిలువబడుచున్నది ఇదియే. ఆ సంవత్సరము నవంబరులో విక్టర్ హ్యూగో మహాకవి కుటుంబసమేతముగా దీనిని విని సంతోషించెను.

1890లో ఒక సంస్థ ఏర్పడి ‘తేయాత్రోఫోన్’ అను పేరుతో దీనిని వ్యాపారముగా నడిపెను. హోటళ్ళలోను, కాఫీశాలలలోను నాణెము వేసిన కొన్ని నిమిషములు నాటకమో పాటయో వినవచ్చును. ఇంటికి కూడ చందాపై తీగ ఇచ్చెడివారు. 1911లో నవలాకారుడు మార్సెల్ ప్రూస్త్ చందాదారుడై మంచముమీదనుండి ఒపేరాలు వినుచుండెను. లండనులో ఇట్టిదే ‘ఎలక్ట్రోఫోన్’ నడచెను. రేడియో వచ్చిన పిమ్మట రెండును మూతపడెను. మంద్రము లేక, తారస్థాయి మెరుపు లేక, టెలిఫోను బిళ్ళ పలికిన ఆ సన్నని పాటను జనులు డబ్బిచ్చి ఏల వినిరి? ఎరిగిన పాటలో లోపించిన భాగమును మనసు తానే పూరించుకొనును. ఈ సంగతి నేటి కొనుగోలుదారునకు కూడ హెచ్చరికయే. దుకాణములో బాగా తెలిసిన పాటను ఒక్క నిమిషము విని మురిసిపోవుట సులభము.

వంటింటిలో తయారైన జత

టెలిఫోను కేంద్రములలో పనిచేయువారికి రెండు చేతులును ఖాళీగా ఉండవలసివచ్చెను గనుక, రిసీవరును తలకు తగిలించు పట్టీలు 1880 ప్రాంతము తరువాత మెల్లమెల్లగా రూపొందెను. వాని బరువు మోయుట ఒక శిక్ష. రెండు చెవులకు రెండు రిసీవర్లు, నెత్తిమీదుగా ఒక కమ్మీ అను నేటి రూపము బాగుగా కుదిరినది మాత్రము ఇరువదవ శతాబ్ది ఆరంభముననే.

అందుకు ముఖ్యకారకులలో ఒకడు అమెరికాలోని యూటా రాష్ట్రవాసి నథానియేల్ బాల్డ్విన్. ఆయన ప్రార్థనామందిరమున ఉపన్యాసములు సరిగా వినబడక ఈ ప్రయత్నమునకు పూనుకొనెనని చెప్పుదురు. 1910లో తన వంటింటి బల్లపై తయారుచేసిన ఒక జతను అమెరికా నౌకాదళమునకు ఒక జాబుతో పంపెను. పరీక్షించి చూచిన అధికారులు నివ్వెరపోయిరి. వారివద్దనున్న వానికంటె అది ఎంతో బలహీనమైన సంకేతమును పట్టగలిగెను. వెంటనే మరికొన్ని కావలెనని వ్రాసిరి. తాను వంటింటిలో చేయుచున్నాను గనుక ఒక్కసారి పదింటికంటె మించి పంపజాలనని ఆయన బదులు వ్రాసెను.

బాల్డ్విన్ చేసిన మార్పు ఏమనగా, అయస్కాంతము బిళ్ళను నేరుగా లాగుటకు బదులు, అయస్కాంత ధ్రువముల నడుమ చిన్న ఇనుపముక్కను త్రాసుకాడవలె సమతూకముగా నిలిపి, దాని కదలికను ఒక సన్నని కడ్డీ ద్వారా అభ్రకపు పొరకు అందించుట. ఇనుపముక్క రెండు వైపుల సమానముగా లాగబడుచుండును గనుక కొద్దిపాటి ప్రవాహమే దానిని కదల్చును. ఈ పద్ధతి చావలేదు. వినికిడి సాధనములలోను, చెవి రంధ్రములో దూర్చుకొను కొన్ని ఇయర్‌ఫోనులలోను గోరంత పరిమాణమున అది నేటికిని పనిచేయుచున్నది.

నౌకాదళమునకు కావలసినది సంగీతము కాదు, టకటకమను మోర్స్ సంకేతము. కాని ఆ వెనుక పదేండ్లలో రేడియో ప్రసారములు బయలుదేరెను. ఆనాటి చౌక రేడియోలో గెలీనా అను సీసపు ఖనిజస్ఫటికము, ఒక తీగచుట్ట, పొడవైన ఏరియలు, హెడ్‌ఫోను తప్ప వేరేమియు లేదు. గెలీనా స్ఫటికముతో విద్యుత్తరంగములను పట్టు సాధనమునకు జగదీశ్ చంద్ర బోస్ 1904లోనే అమెరికా పేటెంటు పొందియుండెను. ఆ రేడియోకు బ్యాటరీ లేదు. ఆకాశమునుండి ఏరియలు గ్రహించిన శక్తియే హెడ్‌ఫోను పొరను కదల్పవలెను. అందుచేత వెంట్రుకవంటి తీగను వేలకొలది చుట్లు చుట్టి, రెండువేల ఓముల నిరోధము గల హెడ్‌ఫోనులు చేసెడివారు. ఇంటిల్లపాదియు వినవలెనన్నచో హెడ్‌ఫోనును పింగాణి గిన్నెలో ఉంచి చుట్టును చేరుట ఆనాడు అనేక దేశములలో వాడుక.

తెలుగువారికి ఈ వింత చేరువగా వచ్చినది మద్రాసులో. సి.వి. కృష్ణస్వామి చెట్టి కృషితో 1924 మే నెలలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31న ప్రసారములు ప్రారంభించెను. ధనాభావమువలన అది 1927లో నిలిచిపోయెను. కొలదికాలమునకు వాల్వులతో నడచు లౌడ్‌స్పీకరు రేడియోలు ఎల్లెడల చౌకపడెను. హెడ్‌ఫోను ఇండ్లను విడిచి విమానములకు, ఓడలకు, టెలిఫోను కేంద్రములకు మరలిపోయెను.

పాటకై చేసిన సవరణలు

సంగీతమునకు తగిన పొర ఏది? తనదియైన స్వరమును పాటపై రుద్దక, మంద్రమునుండి తారము వరకు చెప్పినట్లు కదలునది. ఇందుకు ఇనుపబిళ్ళ పనికిరాదు. తేలికయైన పొరకు సన్నని తీగచుట్టను అంటించి, ఆ చుట్టను బలమైన అయస్కాంతపు సందులో వ్రేలాడవిడిచినచో, ప్రవాహము పోవునప్పుడు చుట్టయే కదలి పొరను కదల్చును. లౌడ్‌స్పీకరులో అప్పటికే ఉన్న ఈ పద్ధతిని బెర్లిను నగరమున యూగెన్ బేయర్ హెడ్‌ఫోనులో ఇమిడ్చి 1937లో డి.టి. 48 అను పేరుతో విడుదలచేసెను. నేడు అమ్ముడుపోవు హెడ్‌ఫోనులలో అత్యధిక భాగము ఈ జాతివే. పెట్టెపై డ్రైవరు అని వ్రాయుచున్నది ఈ అయస్కాంతము, చుట్ట, పొరల కూటమినే. దాని వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పుట సులభము. పొర ఎట్లు కదలునో చెప్పుట కష్టము. పది మిల్లీమీటర్ల మంచి డ్రైవరు పదునాలుగు మిల్లీమీటర్ల నాసిరకము కంటె చక్కగా పాడవచ్చును. అట్లే 20 నుండి 20,000 హెర్ట్జ్ అను అంకె. ఆ హద్దులమధ్య ఏ స్వరము ఎంత హెచ్చో, ఎంత తగ్గో తెలుపనంతవరకు దానివలన ప్రయోజనము లేదు. ఇరుకు వంతెనపైనను, వెడల్పు వంతెనపైనను గుంతలున్నవో లేవో పొడవు చెప్పినంతమాత్రమున తెలియునా?

ఇంటిలో కూర్చుండి పాట వినుటకే హెడ్‌ఫోను అను తలంపును వ్యాపింపజేసినవాడు అమెరికాలో మిల్వాకీ నగరవాసి జాన్ కాస్. ఆయన జాజ్ వాద్యకుడు. ఆసుపత్రులలోని రోగులకు టెలివిజన్ పెట్టెలను అద్దెకిచ్చు వ్యాపారము చేసెడివాడు. 1958లో, ఇంజనీరైన మిత్రుడు మార్టిన్ లాంజ్‌తో కలిసి, ఇతరులకు ఇబ్బంది లేక వినదగిన గ్రామఫోనును తయారుచేసి ఒక ప్రదర్శనమునకు తెచ్చెను. గ్రామఫోనును ఎవరును అంతగా పట్టించుకొనలేదు. దానికి తోడుగా చేసిన హెడ్‌ఫోను చుట్టును జనులు మూగిరి. లోపల మూడంగుళముల చిన్న లౌడ్‌స్పీకర్లు రెండు, అంతే. స్టీరియో రికార్డులు అంగడికి వచ్చినదియు ఆ సంవత్సరముననే. అదేర్ చూపిన వింత డెబ్బదియేడేండ్లకు ఇంటింటి వస్తువయ్యెను.

1968లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ గిన్నె వెనుక భాగమును మూయక తెరచి ఉంచిన హెచ్.డి. 414 హెడ్‌ఫోనును తెచ్చెను. తెరచినదానిలో పాట గదిలో పరచుకొనినట్లు వినబడును. కాని బయటి చప్పుడు లోనికి, లోని పాట బయటికి పోవును. మూసినదానిలో మంద్రము నిలుచును. ఈ బేధము నేటికిని మారలేదు. 1979 జూలై 1న జపానులో సోనీ సంస్థ వాక్‌మన్ క్యాసెట్ యంత్రమును విడుదలచేసినప్పుడు దానితో వచ్చిన హెడ్‌ఫోను బరువు సుమారు 50 గ్రాములు మాత్రమే. అంతవరకు ఇంటి హెడ్‌ఫోనులు మూడు నాలుగు వందల గ్రాములు తూగెడివి. పాట వీధిలోనికి, బస్సులోనికి, రైలులోనికి వచ్చెను. దానితో చెవికి ఆపదయు వచ్చెను.

తీగ తెగుట

తీగను తీసివేయవలెనను కోరిక బ్లూటూత్ కంటె పాతది. 1970 ప్రాంతపు దశాబ్దిలో పరారుణ కిరణములతో నడచు హెడ్‌ఫోనులు వచ్చెను. ఎదుట ఎవరైన అడ్డునడచినచో పాట ఆగిపోయెడిది. రేడియో తరంగములతో నడచునవి గోడలు దాటినను, బుసబుస ధ్వని వెంటవచ్చెడిది.

1994లో స్వీడన్‌లోని లుండ్ నగరమున ఎరిక్సన్ సంస్థలో యాప్ హార్ట్‌సెన్ అను డచ్చి ఇంజనీరు, ఆయన సహచరుడు స్వెన్ మాటిసన్ మొదలగువారు ఒక పనికి పూనుకొనిరి. సెల్‌ఫోనునకు, దానిచుట్టునున్న చిన్న పరికరములకు నడుమ తీగలను తొలగించుట వారి ఉద్దేశము. సంగీతము ఆ పట్టికలో లేదు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐ.బి.ఎం., తోషిబా సంస్థలు సంఘముగా ఏర్పడెను. పదవ శతాబ్దిలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ బ్లూటూత్ పేరును, తాత్కాలికమని తలచి, దీనికి పెట్టిరి. ఆయన చీలిన తెగలను కలిపినట్లు ఇది యంత్రములను కలుపునని ఆ పేరు సూచించినవాని భావము. తాత్కాలికమైన పేరే శాశ్వతమయ్యెను.

బ్లూటూత్ వాడు తరంగములు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమువి. వాని పొడవు జానెడు లోపు, పన్నెండున్నర సెంటీమీటర్లు. ఈ పట్టీని లైసెన్సు లేక అందరును వాడుకొనవచ్చును. మన దేశమున 2005లో ఈ స్వేచ్ఛ లభించెను. ఒకప్పుడు ఇంటి రేడియోపెట్టెకే తపాలా కచేరిలో లైసెన్సు రుసుము చెల్లించవలసియుండెడిదని పెద్దలకు జ్ఞాపకముండును. అందరి సొత్తయిన బాటలో రద్దీ తప్పదు. వై-ఫై అందే కలదు. మైక్రోవేవ్ పొయ్యి కూడ అందే పనిచేయును. అందుచేత బ్లూటూత్ ఒకచోట నిలువదు. ఆ పట్టీని 79 సన్నని బాటలుగా విభజించి, సెకనుకు 1,600 పర్యాయములు బాట మార్చుచుండును. ఎటు దూకవలెనో ఫోనునకును, హెడ్‌ఫోనునకును ముందే తెలియును.

ఇట్లు దూకు పద్ధతికి 1942లో అమెరికా పేటెంటు పొందినవారిలో ఒకరు హాలీవుడ్ నటి హెడీ లమార్, మరియొకరు సంగీతకర్త జార్జ్ ఆంథైల్. శత్రువులు అడ్డుకొనలేని టార్పెడో నడుపుట వారి ఉద్దేశము. పియానో దానంతట అది వాయించుటకు వాడు చిల్లుల కాగితపు చుట్టతో, పియానో మెట్లవలె 88 బాటలను మార్చవలెనని వారి ఆలోచన. బ్లూటూత్ ఆమె కనిపెట్టినదేయని కొందరు వ్రాయుచున్నారు, అది అతిశయోక్తి. ఈ భావము ఇతరులకును తోచియుండెను. నౌకాదళము నాడు వారి యంత్రమును చేపట్టలేదు.

2000 ప్రాంతమున వచ్చిన మొదటి బ్లూటూత్ ఇయర్‌ఫోనులు ఒక చెవికే. అవి ధ్వనిని సెకనుకు 8,000 పర్యాయములు కొలిచి, 64 కిలోబిట్ల ప్రవాహముగా పంపెడివి. ఇట్లు కొలిచినచో 4,000 హెర్ట్జ్ దాటిన ధ్వని ఏదియు మిగులదు. అనగా మరల టెలిఫోను హద్దే! నూరేండ్ల శ్రమతో ఇనుపబిళ్ళనుండి విడిపించుకొనిన సంగీతము తీగ తెగిననాడు మరల ద్వారమువద్దనే నిలిచెను.

ఇరుకు గొట్టములో పాట

సంగీతమునకు ద్వారము తెరచినది 2003లో వచ్చిన ఎ2డిపి అను ఏర్పాటు. ఇచట ఒక చిన్న గుణకారము అవసరము. కాంపాక్టు డిస్కులో ధ్వనిని సెకనుకు 44,100 పర్యాయములు కొలుతురు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. రెండు చెవులకు రెండు ప్రవాహములు. మూడింటిని గుణించినచో సెకనుకు 14,11,200 బిట్లు. ఆనాటి బ్లూటూత్ గొట్టములో సమస్తము కలిపి సెకనుకు పది లక్షల బిట్లే పారును; అందును కొంత కాపలా సమాచారమునకు పోవును. కాబట్టి పాటను కుదింపక తప్పదు. కుదించి పంపి, మరల విప్పు పద్ధతిని కోడెక్ అందురు.

ప్రతి బ్లూటూత్ సంగీత పరికరమునను తప్పక ఉండవలసినది ఎస్.బి.సి. అను కోడెక్. ఇది పాటను ఎనిమిది స్థాయిలుగా విడదీసి, బలముగా మ్రోగుచున్న స్థాయికి ఎక్కువ బిట్లను, నీరసముగానున్న దానికి తక్కువ బిట్లను పంచిపెట్టును. మంచి అమరికలో సెకనుకు 328 కిలోబిట్లు. కాంపాక్టు డిస్కు ప్రవాహములో నాలుగవ వంతుకంటె తక్కువ. తయారీదారు ఇంకను బిగించినచో నష్టము చెవికి తెలియును. తాళములు, గజ్జెలు, సభలోని చప్పట్లు, ఇట్టి ఒక్కసారిగా చెలరేగు ధ్వనులు ముందుగా కరకుదేరును. ఒంటి గొంతు పాట చాలసేపటివరకు తట్టుకొనును.

దీనికంటె మెరుగైన కోడెక్కులు క్రమముగా చేరినవి. ఎ.ఎ.సి. ఆపిల్ ఫోనులకు ముఖ్యము. ఆప్ట్‌ఎక్స్ పుట్టుక బ్లూటూత్‌కు ముందుదే. 1980 ప్రాంతపు దశాబ్దిలో ఉత్తర ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్ నగరమున తయారై రేడియో కేంద్రములలో వాడబడినది. 1993లో జురాసిక్ పార్క్ చిత్రముతో వెలువడిన డి.టి.ఎస్. ధ్వని కూడ ఆ కుటుంబపు కుదింపుతోనే డిస్కులపై ఎక్కెను. 2015లో సోనీ తెచ్చిన ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల వరకు పోగలదు. రద్దీలో మాత్రము తగ్గిపోవును. కోడెక్ పేరు చూచి ఎక్కువ ధర పెట్టువారు ఒక సంగతి మరువరాదు. అది ఫోనులోను, హెడ్‌ఫోనులోను ఉండవలెను. ఒకదానిలో లేనిచో రెండును తమకు ఉమ్మడిగా తెలిసిన కోడెక్కునకు, తుదకు ఎస్.బి.సి.కే, దిగివచ్చును. ఇక పెట్టెపైనున్న 5.0, 5.3 అను అంకెలు పాట నాణ్యమును తెలుపవు. ఆ అంకె ఎంత పెరిగినను, పాత పద్ధతిన పాట పోవునది 2003 నాటి ఎ2డిపి బాటలోనే.

ఉపాధ్యాయులకు ఒక అనుభవము తెలిసియే ఉండును. కంప్యూటరులో పాఠమునకై పాటయో చిత్రమో నడుచుచుండగా మైకు తెరచినంతనే హెడ్‌ఫోనులో ధ్వని బావిలోనుండి వచ్చినట్లగును. యంత్రము చెడిపోలేదు. మైకు పనిచేయవలెనన్నచో పాత పద్ధతిలో బ్లూటూత్ ఎ2డిపిని విడిచి మాటబాటకు మారవలెను. ఆ బాట మొదట 8,000 కొలతలది. తరువాత 16,000 అయ్యెను. అంతకు మించి చాలకాలము పోలేదు. మాటకొరకు పుట్టిన యంత్రము తన పుట్టుకను ఇట్లు అప్పుడప్పుడు గుర్తుచేయును.

చెవి, చప్పుడు

కోడెక్కుల తారతమ్యము నిశ్శబ్దమైన గదిలో, శ్రద్ధగా వినువానికి తెలియును. ఇయర్‌ఫోను మెత్తని కొన చెవిరంధ్రమునకు సరిపడకపోవుట ఎవరికైనను తెలియును. సందు మిగిలినచో మంద్రధ్వనులు ఆ సందున జారిపోవును. మృదంగములో ఎడమచేతి గుమికి మాయమై, కుడిచేతి చిటపటలే మిగులును. కొనువారు పెట్టెలోని మూడు పరిమాణముల కొనలను మార్చి చూడక, యంత్రమును నిందించుట పరిపాటి. రెండు చెవులకు రెండు పరిమాణములు కావలసివచ్చుట కూడ వింత కాదు.

చప్పుడును చప్పుడుతో అణచు విద్య సంగతియు ఇచట చెప్పదగును. ఒక తరంగపు మిట్టకు ఎదురుగా మరియొక తరంగపు పల్లమును పెట్టినచో రెండును చల్లారును. ఈ సూత్రమునకు జర్మను శాస్త్రజ్ఞుడు పౌల్ లూయెగ్ 1936లోనే అమెరికా పేటెంటు పొందెను. హెడ్‌ఫోనులో దానిని సాధింపబూనినవాడు అమెరికాలో ఆచార్యుడైన అమర్ బోస్. తండ్రి వంగదేశమునుండి వలసపోయిన స్వాతంత్ర్యవాది. 1978లో జూరిచ్ నుండి విమానమున మరలివచ్చుచు, ఇంజను హోరులో పాట వినబడక, ఆ ప్రయాణముననే లెక్కలు వేయనారంభించెనని ప్రసిద్ధి. 1989లో వైమానికుల హెడ్‌ఫోను అంగడికి వచ్చెను. ఈ విద్య బస్సు హోరు, రైలు రొద, ఫ్యాను రొద వంటి ఎడతెగని మంద్రధ్వనులపై చక్కగా పనిచేయును. ప్రక్కవాని కబుర్లపై అంతగా పనిచేయదు.

దానివలని అసలు లాభము సుఖము కాదు, రక్షణ. బస్సులో హోరును మించి పాట వినబడవలెనని యువకులు ధ్వనిని పెంచుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము 80 డెసిబెల్ ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్ అయినచో 4 గంటలే. ప్రతి 3 డెసిబెల్‌లకు ధ్వనిశక్తి రెట్టింపగును. వినదగిన కాలము సగమగును. లోపలి చెవిలోని రోమకణములు నశించినచో మరల మొలవవు. నూరు కోట్లకు పైగా యువజనులు ఇట్టి అలవాటువలన వినికిడి కోల్పోవు ప్రమాదములో ఉన్నారని ఆ సంస్థ చెప్పుచున్నది. బయటి హోరును తగ్గించు హెడ్‌ఫోనుతో, లేదా చెవికి చక్కగా బిగిసిన మామూలు ఇయర్‌ఫోనుతో, తక్కువ ధ్వనిలోనే పాట తృప్తిగా వినబడును. రోడ్డు దాటునప్పుడు మాత్రము ఆ హోరు వినబడుటయే మేలు.

నాల్గవ పుట్టుక

2020లో బ్లూటూత్ సంఘము ఎల్.ఇ. ఆడియో అను క్రొత్త ఏర్పాటును ప్రకటించెను. దానిలోని ఎల్.సి.3 కోడెక్, తక్కువ బిట్లతోనే ఎస్.బి.సి.ని మించిన నాణ్యమును ఇచ్చును, బ్యాటరీని పొదుపుచేయును, మైకు తెరచినను పాట పూర్వమువలె కుంగిపోనక్కరలేదు. దీనికి నాంది పలికినదెవరు? వినికిడి సాధనముల తయారీదారులు. వారి ఐరోపా సంఘము 2014లో బ్లూటూత్ సంఘముతో ఒప్పందము చేసికొనెను. చెవి సరిగా వినబడనివారికి మాట వినిపించుటకై మొదలైన పని, సంగీత ప్రియులకు కూడ దక్కుచున్నది. దీనిలో ఒకే ప్రసారకమునుండి ఎందరైనను వినవచ్చును. సభలోనో, తరగతిలోనో ఉపాధ్యాయుని కంఠము నేరుగా విద్యార్థి వినికిడి సాధనమునకు చేరగలదు. ఐతే ఇదియు ఫోనులోను, హెడ్‌ఫోనులోను ఉన్నప్పుడే పనికివచ్చును.

మిగిలినది ఆయుర్దాయపు ప్రశ్న. 1937 నాటి డి.టి. 48 ఏడు దశాబ్దములకు పైగా తయారగుచుండెను. తీగ తెగినచో అతికించుకొని తరములకొలది వాడినవారున్నారు. బ్లూటూత్ ఇయర్‌ఫోనులో శనగగింజను పోలిన లిథియం బ్యాటరీ కలదు. కొన్నివందల పర్యాయములు నింపి ఖాళీచేసిన పిమ్మట దాని శక్తి తగ్గును; పెక్కు నమూనాలలో దానిని మార్చుటకు వీలుండదు; పొర, చుట్ట, అయస్కాంతము చెక్కుచెదరక ఉండగనే వస్తువు మూలబడును. చెవులను కప్పు పెద్ద హెడ్‌ఫోనులలో కొన్నింటికి ప్రక్కన మూడున్నర మిల్లీమీటర్ల రంధ్రము ఉండును. బ్యాటరీ నశించిననాడు, వానిలో చాలవరకు, ఆ రంధ్రములో తీగ గ్రుచ్చినచో పాట మరల వినబడును. ఆ రంధ్రము ఉన్నదో లేదో పెట్టెపై పెద్ద అంకెలలో వ్రాయరు. హెడ్‌ఫోనును చేతబట్టి, త్రిప్పి చూడవలెను.